కాల్‌బ్యాక్ నుంచి కోరూటీన్ దాకా: 1958 నాటి మాట మన ఫోన్‌లోకి ఎలా వచ్చింది?

ఏదో ఒక యాప్ బిగుసుకుపోయి, "స్పందించట్లేదు, మూసేయాలా, ఆగాలా" అని అడిగే డబ్బా మీ ఫోన్‌లో ఎప్పుడో వచ్చే ఉంటుంది. దాని వెనక పెద్ద కథే ఉంది.

ఆండ్రాయిడ్‌లో స్క్రీన్ గీసేదీ, మీ వేలి తాకిడి వినేదీ ఒకటే థ్రెడ్. మెయిన్ థ్రెడ్ అంటారు. సెకనుకి 60 ఫ్రేములు గీయాలంటే ఒక్కోదానికి దొరికేది సుమారు 16 మిల్లీసెకన్లు. అలాంటిదాన్ని నెట్ నుంచి ఫోటో తెమ్మని పంపితే? కౌంటర్ వదిలేసి గోడౌన్‌కెళ్లిపోయిన కొట్టువాడే! తాకిన 5 సెకన్లలో పలక్కపోతే ఆ డబ్బా వస్తుంది. 2011లో ఆండ్రాయిడ్ 3.0తో గూగుల్ ఇంకా గట్టిగా పట్టుకుంది. మెయిన్ థ్రెడ్ మీద నెట్‌వర్క్ పని చేయబోతే ఎక్సెప్షనే.

మరి దారేంటి? కాల్‌బ్యాక్. "పని అయ్యాక ఈ ఫంక్షన్‌ని పిలువు" అని చెప్పి వదిలేయడం. ఒక్క పనికైతే బానే ఉంటుంది. టికెట్ బుకింగ్ చూడండి: లాగిన్ అయ్యాక సీట్లు, సీట్లు వచ్చాక పేమెంట్, అదయ్యాక టికెట్. ఒకదాని కడుపులో ఇంకోటి, కోడ్ కుడిపక్కకి జరుగుతూనే ఉంటుంది. ప్రతి మెట్టు దగ్గరా తప్పు జరిగితే ఏం చేయాలో విడిగా రాయాలి. ఒక్కచోట మర్చిపోయారా, డబ్బు కట్ అయ్యి స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది.

2009లో ఆండ్రాయిడ్ 1.5తో అసింక్‌టాస్క్ వచ్చింది. మీరు ఫోన్ అడ్డంగా తిప్పితే మామూలుగా పాత స్క్రీన్ పోయి కొత్తది పుడుతుంది. అసింక్‌టాస్క్ మాత్రం పోయిన స్క్రీన్‌నే పట్టుకుని వేలాడేది! 2013లో నెట్‌ఫ్లిక్స్ ఆర్ఎక్స్‌జావాని బయటపెట్టింది. బలమైనదే, కానీ నేర్చుకోవడానికి చుక్కలు కనిపించేవి.

తమాషా ఏంటంటే, మందు ఎప్పుడో ఉంది. మెల్విన్ కాన్వే 1958లోనే కోరూటీన్ అనే మాట పుట్టించాడు. 1963లో కోబాల్ కంపైలర్ గురించి రాసిన పేపర్లో వివరించాడు. మధ్యలో ఆగి, పక్కవాడికి చోటిచ్చి, మళ్లీ ఆగిన చోటు నుంచే మొదలయ్యే ప్రోగ్రామ్ ముక్క. అంతే. ఫోన్లకి కావాల్సింది సరిగ్గా ఇదే.

జెట్‌బ్రెయిన్స్ వాళ్లు 2017లో కాట్లిన్ 1.1లో దీన్ని ప్రయోగంగా పెట్టారు. అదే ఏడాది గూగుల్ కాట్లిన్‌ని ఆండ్రాయిడ్ అధికారిక భాషగా ఒప్పుకుంది. 2018లో కాట్లిన్ 1.3తో కోరూటీన్లు స్థిరపడ్డాయి. ఇప్పుడు లాగిన్, సీట్లు, పేమెంట్, టికెట్ వరసగా నాలుగు లైన్లు. తప్పులన్నిటికీ చుట్టూ ఒకటే ట్రై-క్యాచ్.

నా దృష్టిలో అసలు గొప్పదనం లైన్లు తగ్గడం కాదు, స్కోప్. ప్రతి కోరూటీన్‌కీ ఒక ఇల్లు ఉంటుంది. స్క్రీన్ మూసేస్తే ఆ స్క్రీన్ స్కోప్‌లో నడిచే పనులన్నీ రద్దవుతాయి. మీ డేటా, బ్యాటరీ ఊరికే కరగవు. అలాగని పేమెంట్‌ని కూడా స్క్రీన్ స్కోప్‌లోనే పెట్టేస్తే, యూజర్ వెనక్కి నొక్కగానే యాప్ ఆ పనిని మధ్యలో వదిలేస్తుంది. సర్వర్ దగ్గర డబ్బు కట్ అయిపోయి ఉండొచ్చు! ఏ పని ఎంతసేపు బతకాలో ప్రోగ్రామరే తేల్చాలి.

మరి కాల్‌బ్యాక్ చచ్చిపోయిందా? లేదండీ. సస్పెండ్ అని రాసిన ఫంక్షన్‌ని కంపైలర్ ఒక స్టేట్ మెషీన్‌గా మార్చి, కంటిన్యుయేషన్ అనే వస్తువుని లోపలికి పంపిస్తుంది. అది కాల్‌బ్యాకే! మనం రాయట్లేదు, కంపైలర్ రాస్తోంది.

అసింక్‌టాస్క్‌ని 2020లో ఆండ్రాయిడ్ 11తో పక్కన పెట్టేశారు. 2021లో స్విఫ్ట్ 5.5తో ఐఫోన్‌వాళ్లకీ అసింక్, అవెయిట్ వచ్చాయి. ఆ కథ ఇంకో ఎపిసోడ్‌లో.