హాట్ పిక్సెల్

డిజిటల్ కెమేరాతో తీసిన ఛాయాచిత్రాలలో, ముఖ్యంగా రాత్రివేళ తీసిన వాటిలో, ఎరుపు, ఆకుపచ్చ లేదా నీలం రంగు చుక్కలకు కారణమయ్యే సెన్సరు బిందువును హాట్ పిక్సెల్ అంటారు. ఇది లెన్సుకు సంబంధించిన దోషం కాదు. లెన్సును ఎంత తుడిచినా ఈ చుక్కలు పోవు.

కారణం

సెన్సరులో లక్షలకొద్దీ కాంతిగ్రాహక బిందువులు (పిక్సెళ్ళు) ఉంటాయి. వెలుతురు పడినపుడు వీటిలో విద్యుదావేశం పోగవుతుంది. వెలుతురు లేకున్నా ఉష్ణం వలన కొంత ఆవేశం పుడుతుంది. దీనిని డార్క్ కరెంట్ అంటారు. తయారీలోని లోపం వలన గాని, విశ్వకిరణాల తాకిడి వలన గాని కొన్ని బిందువులలో ఇది మితిమీరుతుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో వాడే కెమేరాలు త్వరగా చుక్కలమయం కావడానికి ఈ కిరణాలే కారణం. ఉష్ణోగ్రత సుమారు 6 నుండి 8 డిగ్రీల సెల్సియస్ పెరిగేసరికి డార్క్ కరెంట్ రెట్టింపవుతుంది. కనుక పగటిపూట కనబడని చుక్కలు, మండువేసవి రాత్రి 30 సెకన్ల ఎక్స్‌పోజరులో బయటపడతాయి.

సెన్సరు బిందువుకు రంగులను గుర్తించే శక్తి లేదు. ఈస్ట్‌మన్ కోడక్ శాస్త్రవేత్త బ్రైస్ బేయర్ రూపొందించిన అమరికకు 1976లో పేటెంటు లభించింది. దీని ప్రకారం సగం బిందువులపై ఆకుపచ్చ, నాల్గవ వంతుపై ఎరుపు, మిగిలిన నాల్గవ వంతుపై నీలం వడపోతలు ఉంటాయి. దోషమున్న బిందువు ఏ వడపోత క్రింద ఉంటే చుక్కకు ఆ రంగు వస్తుంది. ప్రతి బిందువుకూ లోపించిన రంగులను పొరుగు బిందువుల నుండి లెక్కగడతారు కాబట్టి, ఒక్క బిందువులోని తప్పు చుట్టుప్రక్కలకు కూడా ప్రాకి, చిత్రంలో చిన్న కూడిక గుర్తువలె కనబడుతుంది.

గుర్తించే విధానం

ముందుగా చిత్రాన్ని తెరపై ప్రక్కకు జరిపి చూడవలెను. చుక్క జరగకపోతే లోపం తెరదే. చిత్రంతోపాటు జరిగితే, లెన్సుకు మూత పెట్టి, నాయిస్ తగ్గించే సదుపాయాన్ని ఆపి, 1 సెకను, 30 సెకన్ల చొప్పున చిత్రాలు తీయవలెను. అన్నిటిలోనూ అదే స్థానంలో చుక్క ఉంటే అది హాట్ పిక్సెలే.

సెన్సరుపై పడిన ధూళి కూడా స్థానం మారదు. అయితే అది రంగులేని మసక మచ్చగా, ఎఫ్/16 వంటి చిన్న రంధ్రం వాడినపుడు స్పష్టమవుతుంది. వీధిదీపాల చిత్రాలలో కనిపించే ఆకుపచ్చ మచ్చలు లెన్సు లోపలి ప్రతిబింబాలు. ఇవి తరచు చిత్ర కేంద్రానికి అవతలివైపు, దీపానికి సరిగ్గా ఎదురుగా ఏర్పడి, కెమేరా కదిపితే కదులుతాయి. ఫ్లాష్ చిత్రాలలోని గుండ్రని తెల్లని వలయాలను కొందరు ఆత్మలని ప్రచారం చేస్తుంటారు. అవి లెన్సుకు సమీపంలో ఎగిరే ధూళికణాలు మాత్రమే.

నివారణ

కొద్దిపాటి చుక్కల కోసం సెన్సరు మార్పించడం అనవసర వ్యయం. ఒలింపస్ వంటి కొన్ని కెమేరాల మెనూలో పిక్సెల్ మ్యాపింగ్ అనే సదుపాయం ఉన్నది. ఇది చెడిన బిందువులను గుర్తించి, వాటి బదులు పొరుగు బిందువుల విలువలను వాడుతుంది. అనేక కెమేరాలలో దీర్ఘ ఎక్స్‌పోజరు తరువాత షట్టరు మూసి అంతే వ్యవధితో మరొక చిత్రం తీసి, దానిని మొదటి దాని నుండి తీసివేసే పద్ధతి ఉంటుంది. దీనివలన ప్రతి చిత్రానికీ రెట్టింపు సమయం పడుతుంది. అందుచేత ఖగోళ ఛాయాగ్రాహకులు మూత పెట్టిన చిత్రాలను విడిగా తీసుకొని, తరువాత కంప్యూటరులో తీసివేస్తారు.

లేజరు ప్రదర్శనలను చిత్రించేటపుడు మాత్రం జాగ్రత్త అవసరం. కిరణం నేరుగా లెన్సులో పడితే సెన్సరుపై ఏర్పడే మచ్చలు, గీతలు ఈ పద్ధతులతో పోకపోవచ్చును.