గుండ్లు తాకని వీరుడు

1938లో అమెరికా బొమ్మలకథలలో పుట్టిన సూపర్‌మాన్‌కు మొదట ఎగురుట తెలియదు, దుముకుటయే తెలియును. రానురాను అతడు గ్రహములనే కదల్చువాడాయెను. అంతటి బలమే తమకు ఆనందమని కొందరు పాఠకులు, ఓటమి యెరుగని వాని కథలో ఉత్కంఠ యేదని మరికొందరు వాదించిరి. ఆదరణ సన్నగిల్లగా, 1986లో రచయిత జాన్ బైర్న్ ఆ బలమును తగ్గించెను.

ఈ ప్రశ్న మనకును క్రొత్తది కాదు. మాడుగుల కొండల కావలి మన్యములో, అల్లూరి సీతారామరాజును తుపాకిగుండ్లు తాకవని అనుచరులు నమ్మిరి. 1922 ఆగస్టు 22న ఆయన చింతపల్లి ఠాణాను ముట్టడించెను. 1924 మే 7న కొయ్యూరులో గుండ్లకే బలియయ్యెను. నమ్మిక వీగిపోయినది, కీర్తి మాత్రము పెరిగినది. గుండు తాకు దేహముతో ఎదురునిలిచిన వానినే గదా, శ్రోతలారా, జనులు తమవానిగా తలచునది!