ఫ్రేముకో పిసరు

మా మనవరాలు భోజనాల బల్ల మీద లెగో బొమ్మను నడిపిస్తోంది. పిసరంత జరపడం, సెల్లుతో ఫొటో తీయడం, మళ్లీ జరపడం. నలభై ఫొటోలయ్యాక ఆడించి చూసుకుని మొహం ముడుచుకుంది.

"తాతా, వీడు నడవట్లేదు. ఎక్కిళ్లొచ్చినట్టు ఎగురుతున్నాడు."

ముప్ఫై ఏళ్లు ఫొటో స్టూడియో నడిపినవాణ్ని. ముందు బొమ్మను కాదు, దాని నీడను చూశాను. కిటికీ వెలుతురులో పొద్దున మొదలెట్టింది. మధ్యాహ్నానికి నీడ ఇటు నుంచి అటు మళ్లింది.

ఇదే తంటా 1908లో ఇంగ్లండ్‌లో ఆర్థర్ మెల్‌బోర్న్-కూపర్ పడ్డాడు. 'డ్రీమ్స్ ఆఫ్ టాయ్‌లాండ్' అనే ఆయన సినిమాలో వీధినిండా ఆటబొమ్మలే. ఎండలో తీశాడు. ఒక్కో ఫ్రేముకూ బొమ్మలన్నిటినీ సవరించేదాకా సూర్యుడు ఆగడు కదా! తెర మీద నీడలు కూడా గంతులేస్తాయి. అది తప్పేనంటారు గానీ, నాకు ఆ నీడలే ఇష్టం. ఆయన ఎంతసేపు అలా వంగి ఉన్నాడో అవే చెబుతాయి.

మన దాదాసాహెబ్ ఫాల్కే కూడా 'రాజా హరిశ్చంద్ర' సినిమాకు ముందే, 1912లో, బఠాణీ మొక్క ఎదగడాన్ని విడి ఫ్రేములుగా తీశాడు. మొక్కయితే తనే పెరుగుతుంది. బొమ్మను మాత్రం ఎవరో ఒకరు ముట్టుకోవాలి, ముట్టుకుంటే ఆనవాలు మిగులుతుంది. 1933 నాటి 'కింగ్ కాంగ్'లో కోతి బొమ్మకు కుందేలు బొచ్చు తొడిగారు. విల్లిస్ ఒబ్రయన్ జరిపినప్పుడల్లా అది వేళ్ల కింద నలిగి, తెర మీద గాలికి అల్లాడినట్టు కనిపిస్తుంది.

ఆ సినిమా చూసి మతిపోయిన కుర్రాడు రే హ్యారీహౌసెన్. అతను బొమ్మలు కదిలించిన 1963 నాటి 'జేసన్ అండ్ ది ఆర్గొనాట్స్'లో ఏడు అస్థిపంజరాలు ముగ్గురు మనుషులతో కత్తియుద్ధం చేస్తాయి. ఆ ఒక్క పోరుకే నాలుగున్నర నెలలు పట్టింది. ఎంత జరిపామో తెలియడానికి అప్పట్లో ఈ పని చేసేవాళ్ల దగ్గర సర్ఫేస్ గేజ్ ఉండేది. మన లేత్ షాపుల్లోనూ చూడొచ్చు: ఇనుప దిమ్మ, నిలువు ఊచ, దానికో సూదిమొన. మొనను బొమ్మ ముక్కుకు ఆనించి, బొమ్మను జరిపి, మధ్య ఖాళీ చూసుకుని, గేజ్ పక్కకు తీసి, అప్పుడు షాట్. తీయడం మరిచారా, అదీ నటిస్తుంది.

లెగో మనిషి పుట్టింది 1978లో. పాపం, మోకాళ్లు లేవు. కాళ్లు తుంటి దగ్గరే ఊగుతాయి. కానీ ఎక్కిళ్లకు కారణం అది కాదు. మా పిల్ల ప్రతిసారీ ఒకే కొలత జరుపుతోంది. ఎర్రబస్సయినా స్టాండులోంచి మొదటినుంచీ ఒకే వేగంతో బయటికి రాదుగా! సెకనుకు 12 ఫొటోలనుకుంటే, మొదటి మూడింటికి బియ్యపుగింజ మందం చాలు. మధ్యలో శనగగింజంత. ఆగబోయే ముందు మళ్లీ బియ్యపుగింజ. ఆగాక నాలుగు ఫొటోలు ముట్టుకోకుండా తీయాలి. లేకపోతే వాడు ఆగినట్టే అనిపించదు.

కిటికీ తెర వేసి టేబుల్ లైటు పెట్టాం. బంగాళాదుంపకు అగరుబత్తి పుల్ల గుచ్చితే అదే మా గేజ్. పుల్ల తీసే పని నాది, మీట నొక్కే పని దానిది.

సాయంత్రానికి వాడు నడిచాడు. ఉప్పుడబ్బా దాకా వెళ్లి, ఆగి, తల తిప్పాడు. పదిహేడో ఫొటోలో మాత్రం వాడి ముక్కు ముందు బంగాళాదుంప ఉంది.