కొమ్మ తీసేస్తే గీత ఎక్కడికి పోవాలి? ఎక్స్‌ఎంఎల్ కథ

ముందు ఒక చిన్న పని చేద్దాం. మీ ఫోన్‌లో ఉన్న ఒక డాక్ఎక్స్ ఫైల్‌కి కాపీ తీసి, పేరు చివర జిప్ అని మార్చి తెరవండి. లోపల ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లు కనిపిస్తాయి. ఈరోజు కథ వాటిదే.

ఇది మొదలైంది లాయర్ల కాగితాల దగ్గర. 1969లో ఐబీఎంలో చార్లెస్ గోల్డ్‌ఫార్బ్ అనే ఆయన, చదివింది లా, లాయర్ ఆఫీసుల డాక్యుమెంట్లను కంప్యూటర్‌లో ఎలా దాచాలా అని పనిచేస్తున్నారు. తోడుగా మోషర్, లోరీ. ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు కలిపితే జీఎంఎల్. అదే పెరిగి 1986లో ఎస్‌జీఎంఎల్ అనే అంతర్జాతీయ ప్రమాణం అయింది. దాన్ని వెబ్ కోసం తేలిక చేస్తే, 1998 ఫిబ్రవరి 10న ఎక్స్‌ఎంఎల్ వచ్చింది.

వీటన్నిటిలో డాక్యుమెంట్ అంటే ఒక చెట్టు. మన వంశవృక్షం లాగే: తాత కింద పిల్లలు, వాళ్ల కింద మనవలు. మరి ఆ ఇంట్లో మేనరికం జరిగితే? కొడుకు కొమ్మలోని అబ్బాయికీ, కూతురు కొమ్మలోని అమ్మాయికీ మధ్య అడ్డంగా ఒక గీత పడుతుంది. ఆ గీత చెట్టులో ఇమడదు. అందుకే ఎస్‌జీఎంఎల్‌లోనే ఐడీ, ఐడీరెఫ్ అని రెండు పెట్టారు. ఐడీ అంటే ఒక్కరికే ఉండే గుర్తు. ఐడీరెఫ్ అంటే ఆ గుర్తు వైపు చూపించే వేలు. ఎక్స్‌ఎంఎల్ కూడా ఈ పద్ధతినే తీసుకుంది.

1999 నవంబర్ 16న ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ వచ్చింది. జేమ్స్ క్లార్క్ ఎడిటర్. ఇది స్టైల్‌షీట్ భాష: ఫలానా ముక్క కనబడితే ఇలా చెయ్, అని రూల్స్ రాస్తాం. వడపోత చాలా సులువు. ఒక రూల్ అన్నిటినీ ఉన్నదున్నట్టు కాపీ చేస్తుంది. వద్దనుకున్న దానికి ఒక ఖాళీ రూల్ రాస్తే చాలు, అది, దాని కింద ఉన్నవన్నీ మాయం!

చిక్కు ఇక్కడే వస్తుంది. ఒక ఒప్పందం ఉంది. నాలుగో క్లాజులో "తొమ్మిదో క్లాజు షరతులు వర్తిస్తే జరిమానా లేదు" అని ఉంది. మీరు తొమ్మిదోది తీసేశారు. నాలుగోది ఇంకా అటే వేలు చూపిస్తోంది, అక్కడ ఎవరూ లేరు. డీటీడీతో సరిచూస్తే తప్పు బయటపడుతుంది. చూడకపోతే? అంకె చేత్తో టైప్ చేసినదైతే ఇంకా ప్రమాదం. నంబర్లు జరిగి పదోది తొమ్మిదవుతుంది. ఫైల్ చక్కగా తెరుచుకుంటుంది, అర్థం మాత్రం మారిపోతుంది. జరిమానా ఎవరు కట్టాలో కూడా మారిపోవచ్చు!

మరి దారి? ఎక్స్‌ఎస్‌ఎల్‌టీలో కీ అనే సూచిక ఉంది, గుర్తు ఇస్తే మనిషిని వెతికి పెడుతుంది. కానీ చాలామంది పడే గొయ్యి ఒకటుంది. కీ వెతికేది పాత చెట్టులో, మీరు కొత్తగా కడుతున్న దానిలో కాదు. అందుకే మీరు తీసేయబోయే క్లాజు కూడా "ఉంది" అనే చెబుతుంది. కాబట్టి సూచికలోకి మిగిలేవాటినే ఎక్కించాలి. పై కొమ్మ పోతే కిందవీ పోతాయి కదా, అదీ లెక్కలోకి తీసుకోవాలి.

ఇంకో దారి, ముందు వడపోసి, వచ్చిన చెట్టు మీద రెండోసారి గీతలు సరిచేయడం. మొదటి వెర్షన్‌లో ఒకే స్టైల్‌షీట్‌లో ఇది కుదిరేది కాదు. మధ్యలో కట్టిన చెట్టులోకి మళ్లీ దిగి వెతకాలంటే అదనపు ఎక్స్‌టెన్షన్లు కావాలి. 2007లో మైకేల్ కే ఎడిటర్‌గా వచ్చిన 2.0 ఆ అడ్డు తీసేసింది.

ఆఖరి నిర్ణయం మాత్రం మనిషిదే. వేలు చూపించే చోట లింకు తీసేసి మాట ఉంచాలా, "తొలగించబడింది" అని రాయాలా, లేక ఆ క్లాజునే ఉంచేయాలా? ఉంచితే అది ఇంకెవరివైపు చూపిస్తుందో అదీ చూడాలి. ఆ తేడా లాయర్‌కి తెలుస్తుంది, స్టైల్‌షీట్‌కి తెలియదు.

అందుకే ఏ డాక్యుమెంట్‌లోనైనా ఒక ముక్క తీసేసే ముందు అడగండి: దీని వైపు ఎవరెవరు వేలు చూపిస్తున్నారు?