వడ్డీ 7 శాతం దాటినా తగ్గేదే లేదు.. శాన్‌డియాగోలో ఇళ్ల ధరలు ఎందుకు పడలేదు?

హోమ్ లోన్ వడ్డీ పెరిగితే ఇళ్ల ధరలు దిగొస్తాయి. ఇది మామూలు లెక్క. అమెరికాలోని కాలిఫోర్నియా తీర నగరం శాన్‌డియాగోలో మాత్రం ఈ లెక్క తప్పింది.

అమెరికాలో 30 ఏళ్ల లోన్ సగటు వడ్డీ 2021 జనవరిలో 2.65 శాతం. 2023 అక్టోబర్‌కి అది 7.79 శాతానికి చేరింది. అంటే 5 లక్షల డాలర్ల లోన్‌కు ఈఎంఐ సుమారు 2,015 డాలర్ల నుంచి 3,596 డాలర్లకు పెరిగినట్టు. 2022 చివర్లో ధరలు కాస్త తగ్గినా మళ్లీ పుంజుకున్నాయి. కేస్-షిల్లర్ 20 నగరాల సూచీలో 2024 ఆరంభంలో ఏడాది పెరుగుదలలో శాన్‌డియాగోదే ఫస్ట్ ప్లేస్.

కారణం ఏంటంటే..

మన దగ్గర ఎక్కువగా ఫ్లోటింగ్ వడ్డీ. రేటు పెరిగితే పాత లోన్ మీదా భారం పడుతుంది. అక్కడ ఎక్కువ మందిది ఫిక్స్‌డ్ వడ్డీ. 30 ఏళ్లూ అదే రేటు. ఇల్లు అమ్మి ఇంకోటి కొంటే కొత్త రేటు కట్టాలి. అందుకే చాలామంది ఓనర్లు ఇల్లు అమ్మకానికి పెట్టలేదు.

ఇంటి పన్నుదీ అదే కథ. 1978 నాటి ప్రపొజిషన్ 13 ప్రకారం, ఓనర్ మారనంత వరకు పన్ను కోసం లెక్కగట్టే ఇంటి విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగదు.

కొత్తగా కట్టాలన్నా జాగా తక్కువే. పడమర పసిఫిక్ సముద్రం, దక్షిణాన మెక్సికో, తూర్పున కొండలు, ఉత్తరాన క్యాంప్ పెండిల్టన్ సైనిక స్థావరం. తీరంలో కట్టడాలకు 1976 నాటి కోస్టల్ యాక్ట్ ఆంక్షలు ఉన్నాయి.

కొనేవాళ్లు తగ్గారు, అమ్మేవాళ్లూ తగ్గారు. ధర మాత్రం నిలబడింది. దెబ్బ పడింది తొలిసారి ఇల్లు కొనేవాళ్లకే. ఉద్యోగం కోసం కొత్తగా అక్కడికి వెళ్లిన తెలుగువాళ్లకైనా ఇదే లెక్క.. ధరా ఎక్కువే, వడ్డీ కూడా ఎక్కువే.