కారం పొట్లానికి ఊరేది?

బ్రిటన్‌లో పచ్చళ్ళు, పొడుల వ్యాపారం పెడదామనుకునే మనవాళ్ళు నన్ను తరచు అడుగుతుంటారు, యూరప్ నుంచి విడిపోవడం మనకు లాభమా, నష్టమా అని. జవాబు చరిత్రలోనే ఉంది.

1973 జనవరి 1న బ్రిటన్ యూరోపియన్ ఆర్థిక కూటమిలో చేరింది. 1993లో ఉమ్మడి మార్కెట్ వచ్చాక, ఇక్కడి రేవులో ఒకసారి సుంకం కట్టి దింపిన గుంటూరు కారం, కస్టమ్స్ కాగితాలు లేకుండానే డబ్లిన్ వెళ్ళేది. 2016లో దాదాపు 52 శాతం ఓటర్లు విడిపోదామన్నారు. 2020 జనవరి 31న బ్రిటన్ బయటికొచ్చింది.

2021 జనవరి 1 నుంచి కొత్త ఒప్పందం నడుస్తోంది. బ్రిటన్ సరుకుగా లెక్కకొచ్చేవాటికే అందులో సుంకం లేదు. ఇండియా నుంచి తెచ్చిన కారానికి సంచీ మార్చి లేబుల్ అంటిస్తే అది బ్రిటన్ సరుకైపోదు. కస్టమ్స్ కాగితాలు ఎలాగూ తప్పవు. నెయ్యికైతే ఆరోగ్య ధ్రువపత్రం కూడా కావాలి.

నష్టపోయింది పొట్లాలు కట్టి యూరప్‌కి పంపే వ్యాపారం. ఇక్కడే వండి ఇక్కడే అమ్మేవారికి ఆ సరిహద్దు అడ్డు కాదు. పైగా బ్రిటన్ ఇప్పుడు తన ఒప్పందాలు తనే చేసుకోగలదు. 2025 జూలై 24న భారత్‌తో సంతకాలు చేసింది. అందుకని నేను చెప్పేదొకటే: పెట్టుబడి పెట్టేముందు మీ సరుకు ఏ దేశంలో తయారైనట్టు లెక్కో తేల్చుకోండి.