పడుగు అతుకు నేర్పు

ధర్మవరమున పట్టుమగ్గముపై పడుగు ముగియవచ్చినప్పుడు నేతగాండ్రు పాతపోగులను పన్నెనుండి ఊడదీసివేయరు. వాని కొసలు పన్నెపండ్లలో నిలిచియుండగనే, వ్రేళ్ళకు బూడిద యద్దుకొని, క్రొత్తపడుగు పోగుల నొక్కొక్కటిగా పాతపోగులతో మెలివేసి యతుకుదురు; వేలకొలది పోగులలో నొక్కటి వరుస తప్పినను నేతలో ఆ తప్పు కానవచ్చును. పాతదాని యాధారముననే క్రొత్తదానిని లోనికి దెచ్చు ఈ నేర్పు ఈ సీమవారికి చిరపరిచితము.

పెనుకొండ చరిత్రమే ఇందులకు సాక్ష్యము. బుక్కరాయల కాలమున, 1354లో, రాకుమారుడు విరూపణ్ణ యేలుబడిలో వెలసిన కోట రెండు శతాబ్దములకు పైగా విజయనగరమునకు ఊతయై నిలిచియుండుటచేతనే, 1565లో రక్కసి తంగడి యుద్ధానంతరము హంపి పాడుపడగా, తిరుమలరాయలు రాజధానిని అచ్చటికి తరలించి పాలనసూత్రము తెగిపోకుండ కాపాడగలిగెను. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వబూనిన రాజ్యము కాదది.

నాటి రాజ్యమునకు కోట యెట్టిదో నేటి కార్యాలయమునకు సర్వరట్టిది. హిందూపురమున బెల్లపు వర్తకు డొకడు స్థలము కొనదలచినచో, దానిపై తాకట్టు లేమైన నున్నవేమో తెలుపు ఈసీ కొఱకు గుమాస్తాలు చేతివ్రాత పుస్తకముల సూచికలు తిరుగవేయు కాలముండెను. 1998 నవంబరు 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 214 రిజిస్ట్రారు కార్యాలయములలో ‘కార్డ్’ పథకము ప్రారంభమై ఆ పని కంప్యూటరునకు సంక్రమించెను. దినములు పట్టు వెదకులాట నిమిషములలోనికి దిగెను. యంత్రము నిలిచిన పనియు నిలుచునను భయము దానివెంటనే వచ్చెను.

అదే 1998లో అమెరికాలో వీఎంవేర్ సంస్థ పుట్టెను. ఒక్క యంత్రమును పెక్కు యంత్రములుగా ప్రవర్తింపజేయు వర్చువలైజేషన్ విద్యను 1972లోనే ఐబీఎం వారు వీఎం 370 పేర తమ మహాయంత్రములకు సమకూర్పగా, 2001లో వీఎంవేర్ దానిని ఈఎస్‌ఎక్స్ రూపమున చిన్న సర్వర్లకు తెచ్చెను. కాని సాఫ్ట్‌వేరునకును ఆయువు గలదు. వీఎంవేర్ వారి వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేరగు వీస్పియర్ 6.5, 6.7 వెర్షన్లకు సాధారణ సపోర్టు 2022 అక్టోబరు 15తో ముగిసినది. అటుపిమ్మట భద్రతాలోపములకు దిద్దుబాట్లు రావు గనుక మార్పు తప్పనిదయ్యెను.

ఆ మార్పున కొక క్రమము గలదు. ముందుగా బ్యాకప్ తీసి, దానినుండి సమాచారమంతయు మరల లేచివచ్చునో లేదో పరీక్షించి, క్రొత్త వెర్షన్ తమ యంత్రములకు నప్పునో చూచుకొని, మొదట అన్నింటిని పాలించు వీసెంటర్‌ను, పిదప సర్వర్లను ఒక్కొక్కటిగా మార్చవలెను. ఒక సర్వరును మార్చునంతసేపు దానిమీది వర్చువల్ యంత్రములు ప్రక్కసర్వరుపై నడువవలసియుండును గనుక, అచ్చట పెనుకొండవలె చోటు ముందే సిద్ధపఱచి యుంచవలెను. వర్చువల్ హార్డ్‌వేరు మార్పును వెనుకకు త్రిప్పుట కష్టము కావున దానిని కట్టకడపట చేయవలెను.

ధర్మవరపు నేతగాడు అతుకు ముగిసినంతనే నేయ మొదలిడడు. అతుకులన్నియు తెగక పన్నె దాటి ఇవలికి వచ్చువరకు పడుగును మెల్లమెల్లగా లాగి, తడవి చూచుకొని, ఆ పిమ్మటనే నాడెను చేతబట్టును.